మెథాంఫెటమైన్ వ్యసనం, డీటాక్స్ చికిత్స: కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇంట్లో వాళ్లు అడిగేవి. వాడుతున్న మనిషి నేరుగా అడిగేవి తక్కువ. జవాబులు డాక్టరు సలహాకు బదులుగా రాసినవి కావు. డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు, వెళ్లి వచ్చాక అర్థం కాకుండా మిగిలిపోయే సంగతులు చెప్పడానికి రాసినవి.

మెథాంఫెటమైన్ అంటే ఏమిటి? గంజాయి, ఎండీఎంఏ లాంటిదేనా?

కాదు. గంజాయి మొక్క నుంచి వస్తుంది. మెథాంఫెటమైన్ ప్రయోగశాలలో పుట్టిన రసాయనం. జపాన్ శాస్త్రవేత్త నగాయి నగాయోషి 1893లో ఎఫెడ్రిన్ అనే రసాయనం నుంచి దీన్ని తయారు చేశాడు. 1919లో అకిరా ఒగాటా స్ఫటిక రూపంలోకి తెచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నిద్ర రాకుండా ఉండటానికి జర్మన్ సైనికులు పెర్విటిన్ పేరుతో దీన్నే మింగారు. జపాన్‌లో దీని పేరు ఫిలోపాన్. యుద్ధం ముగిశాక ఆ మాత్రలు జనంలోకి వచ్చి ఎంత చెరుపు చేశాయంటే, 1951లో జపాన్ దీనికోసమే ఒక చట్టం చేయాల్సి వచ్చింది.

ఇప్పుడు బయట దొరికేది ఎక్కువగా పటికబెల్లం ముక్కల్లా కనిపించే రూపం. 'ఐస్', 'క్రిస్టల్', 'మెత్' అంటారు. ఎండీఎంఏ ('ఎక్స్‌టసీ') దీనికి దగ్గరి చుట్టమే కానీ వేరే డ్రగ్. 'ఎండీ' అని వార్తల్లో వచ్చేది చాలాసార్లు మెఫెడ్రోన్, అది మరొకటి. వాడేవారికే ఈ తేడాలు తెలియవు. పైగా ప్యాకెట్‌లో నిజంగా ఏముందో ప్రయోగశాల తప్ప ఎవరూ చెప్పలేరు. అందుకే డాక్టరుకు 'ఫలానా డ్రగ్' అని తేల్చి చెప్పకుండా 'అమ్మినవాడు ఫలానా అని చెప్పి ఇచ్చాడట' అని చెప్పడం మంచిది.

ఇదంతా పెద్ద నగరాల గొడవ కదా, మన దాకా ఎందుకు వస్తుంది?

ఆసియాలో ఈ సరుకు తయారయ్యే పెద్ద కేంద్రం మయన్మార్‌లోని షాన్ రాష్ట్రం. అక్కడి నుంచీ, ఇతర చోట్ల నుంచీ సముద్రం మీదుగా కదులుతుంది. 2023 మే నెలలో కేరళ తీరానికి దగ్గర్లో సుమారు 2,500 కిలోలు పట్టుబడింది. 2024 నవంబరులో అండమాన్ సముద్రంలో మన కోస్ట్ గార్డ్ ఒక మయన్మార్ పడవలో దాదాపు 6,000 కిలోలు పట్టుకుంది. ఇంత సరుకు తిరుగుతున్నప్పుడు ఏ ఊరు దూరం, ఏ ఊరు దగ్గర అన్న లెక్క పెద్దగా పనికిరాదు.

అయితే భయపడి అందరినీ అనుమానించాల్సిన పని కూడా లేదు. 2018లో దేశమంతటా జరిపిన సర్వేలో మద్యం తాగేవారు 14.6 శాతం ఉంటే, యాంఫెటమైన్ తరహా డ్రగ్స్ వాడేవారు 0.18 శాతం. ఆ చిన్న అంకె వల్ల ఒక ఇబ్బంది ఉంది. మన డీఅడిక్షన్ కేంద్రాలు ప్రధానంగా మద్యం కోసం, ఆ తర్వాత నల్లమందు, హెరాయిన్ లాంటి వాటి కోసం పెరిగాయి. మెత్ కేసు వస్తే ఏం చేయాలో బాగా తెలిసిన సిబ్బంది అన్నిచోట్లా ఉండరు.

ఇంతలా పట్టుకుంటుంది, ఎందుకు?

మనకు ఆనందం, ఉత్సాహం, 'ఇది మళ్లీ చేయాలి' అన్న కోరిక కలిగించడంలో డోపమైన్ అనే రసాయనానిది పెద్ద పాత్ర. కొకైన్ దాన్ని నాడీకణం తిరిగి లోపలికి తీసుకోకుండా అడ్డుపడుతుంది. మెథాంఫెటమైన్ అంతటితో ఆగదు, కణం లోపల నిల్వ ఉన్నదాన్ని కూడా బయటికి తోసేస్తుంది. పైగా తీసుకున్న మోతాదులో సగం శరీరం నుంచి పోవడానికే 10 నుంచి 12 గంటలు పడుతుంది. కొకైన్‌కు అది ఒక గంట పని.

కొందరు రాత్రి డ్యూటీలో మేలుకోవడానికి, కొందరు పరీక్షలకు, కొందరు బరువు తగ్గడానికి, కొందరు పార్టీల్లో, కొందరు లైంగిక అనుభవం కోసం మొదలుపెడతారు. మానేటప్పుడు ఈ 'ఎందుకు' చాలా ముఖ్యం. రాత్రి డ్యూటీ కోసం మొదలుపెట్టిన మనిషి చికిత్స అయ్యాక మళ్లీ అదే డ్యూటీకి వెళ్తే ఏమవుతుందో ఊహించవచ్చు.

ఇంట్లో ఎలా గుర్తుపట్టాలి?

ఒక్క గుర్తును పట్టుకుని తీర్పు ఇవ్వకండి. రెండు మూడు రోజులు నిద్రలేకుండా ఉండి, తర్వాత ఒకటిన్నర రోజు లేవకుండా పడుకోవడం, అన్నం ముట్టకపోవడం, బరువు త్వరగా తగ్గడం, పళ్లు కొరుకుతూ ఉండటం, నోరు ఎండిపోవడం, చర్మాన్ని గోకి గోకి పుండ్లు చేసుకోవడం, ఉన్నట్టుండి అనుమానాలు, డబ్బు లెక్క తేలకపోవడం. మసిపట్టిన చిన్న గాజు గొట్టం, చిన్న జిప్ కవర్లు కనిపిస్తే అనుమానానికి బలం ఉన్నట్టే.

మూత్ర పరీక్షలో సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల వరకు తెలుస్తుంది. మందుల దుకాణంలో దొరికే స్ట్రిప్ చూసి ఇంట్లో యుద్ధం మొదలుపెట్టకండి. కొన్ని జలుబు మందులకు కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. ప్రయోగశాలలో నిర్ధారణ పరీక్ష చేయించాలి. నిద్రలో ఉన్నప్పుడు జుట్టు కత్తిరించి పరీక్షకు పంపడం లాంటి పనులు చేస్తే, తర్వాత ఆ మనిషిని ఆసుపత్రికి ఒప్పించే దారి మీరే మూసేసుకున్నట్టవుతుంది.

డీటాక్స్ అంటే ఏం చేస్తారు? ఎన్ని రోజులు?

చాలామంది అనుకున్నట్టు ఒంట్లో ఉన్న విషాన్ని ఏదో సెలైన్ పెట్టి కడిగేయరు. డ్రగ్ శరీరం నుంచి దానంతట అదే పోతుంది. ఆ పోయే రోజుల్లో మనిషిని క్షేమంగా చూసుకోవడమే డీటాక్స్.

ఆఖరిసారి వాడిన ఒక రోజులోపే 'క్రాష్' మొదలవుతుంది. విపరీతమైన నిద్ర, ఆకలి, నీరసం, దిగులు, చిరాకు, మళ్లీ కావాలన్న తపన. గట్టి లక్షణాలు ఒకటి రెండు వారాల్లో తగ్గుతాయి. దిగులు, నిద్ర సరిగా పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం అంతకంటే ఎక్కువ కాలం సాగుతాయి. కొందరిలో నెలల తరబడి. ఆసుపత్రిలో రక్తపోటు, గుండె, కిడ్నీలు చూస్తారు, ఈసీజీ తీస్తారు, హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేస్తారు. ఆందోళన మరీ ఎక్కువగా ఉంటే కొద్ది రోజులు మందులిస్తారు. మిగతాది నీళ్లు, తిండి, నిద్ర, పలకరింపు.

మద్యానికి మందులున్నాయి, హెరాయిన్‌కు బుప్రెనార్ఫిన్ ఉంది. దీనికి లేదా?

ఈ వ్యసనానికే ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు ఇప్పటికి లేదు. చికిత్సలో ఉన్న పెద్ద చిక్కుల్లో ఇది మొదటిది.

ప్రయత్నాలు సాగుతున్నాయి. 2021లో ఒక అమెరికా పరిశోధన ఫలితాలు వచ్చాయి. 403 మందిపై నాల్ట్రెక్సోన్ ఇంజెక్షన్, బుప్రోపియాన్ మాత్ర కలిపి పరీక్షించారు. మందు తీసుకున్నవారిలో 13.6 శాతం మందికి ఫలితం కనిపించింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 2.5 శాతం మందికి. తేడా నిజమైనదే. కానీ మందు తీసుకున్న వందమందిలో 86 మందికి పని చేయలేదని కూడా ఆ అంకెల అర్థం. మీ డాక్టరు ఈ మందులు సూచిస్తే ఆలోచించదగ్గ విషయమే. 'మా దగ్గర ఒక ఇంజెక్షన్ ఉంది, ఒక్కసారి చేయిస్తే మళ్లీ ముట్టుకోడు' అని ఎవరైనా అంటే, అక్కడ డబ్బు కట్టకుండా వచ్చేయండి.

మానేస్తే ప్రాణాపాయం ఉండదంటున్నారు. అయితే ఇంట్లోనే మాన్పించవచ్చు కదా?

మెథాంఫెటమైన్ ఒక్కటే వాడుతుంటే, మానడం వల్ల మూర్ఛ రావడం, ప్రాణం మీదికి రావడం మద్యంతో పోలిస్తే అరుదు. ఆ మాట నిజం. కానీ చాలామంది అదొక్కటే వాడరు. రెండు రాత్రులు మేలుకున్నాక నిద్ర పట్టడానికి అల్‌ప్రజోలం మింగుతారు, లేదా తాగుతారు. ఈ రెండూ హఠాత్తుగా ఆపితే మూర్ఛలు రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. ఇంట్లో వాళ్లు ఐస్ గురించి మాత్రమే చెప్పి, నిద్రమాత్రల సంగతి చిన్న విషయంలే అని వదిలేస్తారు. డాక్టరుకు మొదట తెలియాల్సింది అదే.

రెండో ప్రమాదం ఆత్మహత్య. క్రాష్ రోజుల్లో దిగులు లోతుగా ఉంటుంది. గతంలో అలాంటి ప్రయత్నం చేసిన మనిషి అయితే, లేదా మాటల్లో ఆ ఛాయ కనిపిస్తే, ఇంట్లో పెట్టుకోకూడదు. గుండెజబ్బు, గర్భం, భ్రమలు ఉన్నా ఆసుపత్రే.

ఇవేమీ లేని మనిషికి, తోడుగా ఉండే కుటుంబం ఉంటే, డాక్టరు పర్యవేక్షణలో ఇంట్లో ఉండి మానడం కుదురుతుంది. నిర్ణయం డాక్టరుది.

చేర్పించాక మధ్యలోనే వచ్చేస్తానంటాడు. అందరూ ఇంతేనా?

అందరూ కాదు, కానీ చాలామంది. ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే అర్థమవుతుంది.

మొదటి మూడు రోజులు పడుకునే ఉంటాడు. తల్లి తెచ్చిన పెరుగన్నం మూత కింద అలాగే ఆరిపోతుంది. 'ఇంత నిద్రేమిటి, మందులు ఎక్కువ ఇస్తున్నారా' అని ఆమె నర్సును అడుగుతుంది. నాలుగో రోజు లేచి ఆవురావురుమంటూ తింటాడు, రెండోసారి వడ్డించమంటాడు. ఇంట్లో వాళ్ల ముఖాల్లో వెలుగు. ఆరో రోజు, ఏడో రోజు స్నానం చేసి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తెప్పించుకుని 'నాకు పూర్తిగా బాగైంది, ఇక్కడ తాగుబోతుల మధ్య నాకేం పని, డిశ్చార్జి రాయించండి' అంటాడు. గొంతులో తడబాటు ఉండదు. నిజంగానే బాగైందని అతనికి అనిపిస్తుంది కూడా. తండ్రి సెలవు అయిపోవస్తోంది, బిల్లు పెరుగుతోంది. సంతకం పెట్టి తీసుకొచ్చేస్తారు.

ఆ రోజు అతనికి తగ్గింది అలసట మాత్రమే. నిద్ర, తిండి ఒంటికి శక్తి తెచ్చాయి. ఆ శక్తి తపనకూ వస్తుంది. చేరేటప్పుడు లేచి నడవలేని మనిషి ఇప్పుడు ఫోను చేయగలడు, బండి తీయగలడు. దీనికి తోడు ఏ సంతోషమూ సంతోషంగా అనిపించని స్థితి మొదలవుతుంది. ఇష్టమైన బిర్యానీ తిన్నా, క్రికెట్ చూసినా మనసులో ఏ కదలికా ఉండదు. ఇక జీవితమంతా ఇలాగే చప్పగా ఉంటుందని నమ్ముతాడు. ఆ నమ్మకం అబద్ధమని చెప్పే మనిషి ఆ సమయంలో పక్కన ఉండాలి. మంచి కౌన్సెలర్ మొదటి రోజునే 'ఆరో రోజున నువ్వు వెళ్లిపోతానంటావు, అప్పుడు మాట్లాడుకుందాం' అని చెప్పి ఉంచుతారు. కుటుంబం కూడా చేర్పించిన రోజే తేల్చుకోవాలి: ఏ మాట అన్నా, ఎవరితో ఫోను చేయించినా, డాక్టరు చెప్పేదాకా సంతకం పెట్టేది లేదని. తల్లి ఒకటి, తండ్రి ఒకటి అంటే ఆ సందు అతనికి చాలు. అయితే తనంతట తాను చేరిన మనిషి వెళ్తానంటే చట్టం ప్రకారం బంధించి ఉంచలేరు. అందుకే ఒప్పించే పనిని గొడవ వచ్చే రోజుదాకా వాయిదా వేయకూడదు.

ఎవరో తనను చంపడానికి వస్తున్నారంటున్నాడు. పిచ్చి పట్టిందా?

మెథాంఫెటమైన్ వల్ల వచ్చే సైకోసిస్ కావచ్చు. ఎవరో వెంటాడుతున్నారని, ఫోనులో ఎవరో వింటున్నారని, చర్మం కింద పురుగులు పాకుతున్నాయని గట్టిగా నమ్ముతారు. మాటలు వినిపిస్తాయి. వాదించి లాభం లేదు, 'అవును, ఉన్నారు' అని ఒప్పుకోవడమూ మంచిది కాదు. 'నీకు భయంగా ఉందని తెలుస్తోంది, నేను పక్కనే ఉంటాను' అంటే చాలు. కత్తులు, కత్తెరలు తీసేయండి, గదిలో చప్పుడు తగ్గించండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చాలామందిలో మానేసిన కొన్ని రోజుల నుంచి నెలలోపు తగ్గుతుంది. కొందరిలో నిలిచిపోతుంది, మళ్లీ వాడితే త్వరగా తిరిగి వస్తుంది. నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుడు వేరే జబ్బు ఉందేమో చూస్తారు. భూతవైద్యుడి దగ్గర పోగొట్టుకునే వారం చాలా విలువైన వారం.

ఒప్పుకోకపోతే బలవంతంగా చేర్పించవచ్చా?

కొన్ని షరతులతోనే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. తనకు తాను హాని చేసుకునే, ఇతరుల మీద దాడి చేసే, తన బాగోగులు చూసుకోలేని స్థితిలో ఉంటే, నామినేటెడ్ ప్రతినిధి (చట్టం ప్రకారం రోగి తరఫున వ్యవహరించే మనిషి) దరఖాస్తుతో చేర్చుకోవచ్చు. అంతకుముందు ఒక మానసిక వైద్యుడు, మరో నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి. ఈ చేరిక గరిష్ఠంగా 30 రోజులు. పొడిగించాలంటే మళ్లీ పద్ధతి ప్రకారం వెళ్లాలి.

అర్ధరాత్రి నలుగురు మనుషులు జీపులో వచ్చి, చేతులు కట్టేసి ఎత్తుకెళ్లే 'పికప్ సర్వీసు' ఈ చట్టంలో ఎక్కడా లేదు. గొలుసులతో కట్టడాన్ని చట్టం పూర్తిగా నిషేధించింది. అలా వెళ్లి వచ్చిన మనిషి డ్రగ్ మానినా మానకపోయినా, ఇంట్లో వాళ్లను నమ్మడం మాత్రం మానేస్తాడు.

సెంటర్ మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

ఫోటోల్లో స్విమ్మింగ్ పూల్, యోగా హాలు చూసి మోసపోకండి. ఫోనులోనే ఈ ప్రశ్నలు అడగండి: రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో నమోదయ్యారా? మానసిక వైద్యుడు ఎన్ని రోజులకు ఒకసారి వస్తారు, రాత్రి అత్యవసరమైతే ఎవరు చూస్తారు? మెత్ కేసులు ఇంతకుముందు చూశారా? కుటుంబం ఎప్పుడు కలవవచ్చు? డిశ్చార్జి తర్వాత ఏం చేస్తారు?

ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే నేనైతే సగం నిర్ణయం తీసుకుంటాను. 'ఏం అక్కర్లేదండీ, పూర్తిగా మారిపోయి వస్తాడు' అంటే ఆ కేంద్రానికి ఈ జబ్బు తెలియదు, లేదా తెలిసి కూడా అబద్ధం చెబుతోంది. మూడు నెలలు కలవనివ్వం, ఫోను ఇవ్వం, లోపల ఏం జరుగుతుందో అడగవద్దు అనే చోట పిల్లవాడిని వదలకండి. కొట్టి మాన్పిస్తామనే చోట్లు ఇంకా ఉన్నాయి. కొన్ని కుటుంబాలు తెలిసే పంపుతాయన్నది చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్న నిజం.

ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో వ్యసనాలకు ప్రత్యేక విభాగం ఉంది. జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోను చేసి దగ్గరి కేంద్రం గురించి అడగవచ్చు.

డీటాక్స్ పూర్తయింది. ఇక తగ్గినట్టే కదా?

లేదు. ఈ మొత్తంలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ, బ్రిస్బేన్ నగరాల్లో మెథాంఫెటమైన్ వాడేవారిని మూడేళ్లపాటు గమనించారు. డీటాక్స్ మాత్రమే చేయించుకున్నవారికీ, ఏ చికిత్సా తీసుకోనివారికీ తర్వాతి వాడకంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కేంద్రంలో ఉండి రీహాబ్ (డీటాక్స్ తర్వాత సాగే చికిత్స) చేసినవారిలో మొదటి నెలల్లో మంచి మార్పు వచ్చింది, కానీ కాలం గడిచేకొద్దీ అదీ కరిగింది. లాస్ ఏంజిలిస్‌లో చికిత్స పొందిన 350 మందిని గమనిస్తే, 61 శాతం మంది ఏడాదిలోపే మళ్లీ వాడారు. అయితే అదే గుంపులో నాలుగో వంతు మంది అయిదేళ్లపాటు ముట్టుకోలేదు.

దీన్నిబట్టి డీటాక్స్ వృథా అనుకోవద్దు. అది లేకుండా తర్వాతి పని మొదలుకాదు. కానీ చేతిలో ఉన్న డబ్బంతా ఆ రెండు వారాల ఖరీదైన గదికి పోసి, తర్వాతి ఏడాదికి ఏమీ మిగల్చకపోవడం మన కుటుంబాలు పదే పదే చేసే పని. లక్ష రూపాయలు ఉంటే, తక్కువ ఖర్చులో డీటాక్స్ చేయించి, మిగతాది ఏడాదిపాటు వారం వారం కౌన్సెలింగుకు దాచండి.

ఆ తర్వాత ఏది పని చేస్తుంది?

ఎక్కువ రుజువులున్న పద్ధతి వినడానికి వింతగా ఉంటుంది. వారానికి రెండు మూడుసార్లు మూత్ర పరీక్ష, డ్రగ్ లేదని తేలితే అప్పటికప్పుడే చిన్న బహుమతి. కూపనో, సరుకుల వోచరో. వరసగా మానిన కొద్దీ విలువ పెరుగుతుంది, తప్పితే మళ్లీ మొదటికి. దీన్ని కంటింజెన్సీ మేనేజ్‌మెంట్ అంటారు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు 2011 నుంచి నడుపుతున్నాయి. 'మానినందుకు లంచమా' అని మన పెద్దలు ముఖం చిట్లిస్తారు. కానీ ఎప్పుడో రాబోయే మంచి జీవితం కన్నా ఇప్పుడే చేతికందేది బలంగా లాగే దశలో ఉన్న మెదడు అది. ఆ లక్షణాన్నే మంచికి వాడుకోవడం ఇందులోని ఉపాయం. మన దగ్గర దీన్ని పద్ధతిగా నడిపే చోట్లు తక్కువ. మీ కౌన్సెలర్‌ను అడిగి చూడండి. ఇంట్లో మీరే పోలీసుల్లా పరీక్షలు చేస్తూ డబ్బు ఇవ్వడం మాత్రం అది కాదు.

రెండోది ఆలోచనా ధోరణిని, అలవాట్లను మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. తపన పుట్టించే గుర్తులేమిటో ఇందులో వెతుకుతారు. ఒకరికి లైటరు చప్పుడు, ఒకరికి జీతం పడిన మెసేజి, ఇంకొకరికి శనివారం రాత్రి ఫలానా ఫ్లైఓవర్ దాటడం. కొందరికి శృంగారమే గుర్తు. సిగ్గుతో చెప్పరు, అక్కడే జారతారు. ఫోను సంగతి వేరే చెప్పాలి. అమ్మేవాడి నంబరు, చెల్లింపు యాప్, పాత గ్రూపులు అన్నీ అందులోనే ఉంటాయి. డిశ్చార్జి రోజున కొత్త సిమ్ పెట్టుకోవడం చిన్న పని, పెద్ద రక్షణ.

మెదడు మళ్లీ మామూలు స్థితికి వస్తుందా?

చాలావరకు కోలుకుంటుంది, నెమ్మదిగా. మెదడు స్కాన్లు చేసిన పరిశోధనల్లో, ఏడాదికి పైగా మానినవారిలో డోపమైన్ వ్యవస్థ కొంత తిరిగి పుంజుకోవడం కనిపించింది. మొదటి నెలల్లో మతిమరుపు, ఏకాగ్రత లేకపోవడం సహజం. ఆ సమయంలో పోటీ పరీక్షలకు కూర్చోబెట్టకండి.

మళ్లీ వాడాడు. అంతా మొదటికి వచ్చినట్టేనా?

కాదు. ఒకసారి జారడం వేరు, పాత వాడకంలోకి వెళ్లిపోవడం వేరు. మధ్యలో కొన్ని రోజులు ఉంటాయి, ఆ రోజుల్లోనే కౌన్సెలర్ దగ్గరకు వెళ్లాలి. ఇంట్లోంచి గెంటేస్తామని భయపడితే దాస్తాడు, దాచినన్ని రోజులూ వాడతాడు. తిట్టాలనిపిస్తే తిట్టండి, మీరూ మనుషులే. కానీ ఆ సాయంత్రమే అపాయింట్‌మెంట్ తీసుకోండి.

చికిత్సకు వెళ్తే పోలీసు కేసు అవుతుందా?

చికిత్స కోసం వచ్చినంత మాత్రాన కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడకం కేసులోనో, తక్కువ పరిమాణం కేసులోనో చిక్కిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ, లేదా గుర్తింపు పొందిన సంస్థలో చికిత్సకు వచ్చి పూర్తిచేస్తే విచారణ నుంచి రక్షణ పొందవచ్చు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. మెథాంఫెటమైన్‌కు తక్కువ పరిమాణం అంటే 2 గ్రాములు. 50 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. స్నేహితులకు తెచ్చిపెట్టడం కూడా అమ్మకం కిందికే రావచ్చని పిల్లలకు తెలియదు. కేసు ఇప్పటికే ఉంటే వకీలును కలవండి.

బీమా వర్తిస్తుందా?

ఎక్కువగా వర్తించదు. మానసిక జబ్బులకు బీమా ఇవ్వాలని చట్టం చెబుతున్నా, మద్యం, డ్రగ్స్ వ్యసన చికిత్సను మినహాయించే నిబంధన చాలా పాలసీల్లో ఉంటుంది. పాలసీ కాగితం చదివి, కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

మా అబ్బాయి అమెరికాలో చదువుతున్నాడు. అక్కడ చికిత్సకు వెళ్తే వీసాకు ఇబ్బందా?

ముందు ప్రాణం సంగతి: అక్కడ 988కి ఫోను చేస్తే మానసిక సంక్షోభంలో సాయం అందుతుంది, ప్రమాదమైతే 911. వ్యసన చికిత్స రికార్డులకు అక్కడి సమాఖ్య చట్టం గట్టి గోప్యత ఇస్తుంది. కానీ గ్రీన్‌కార్డు లాంటి దరఖాస్తుల వైద్యపరీక్షలో డ్రగ్ వ్యసనం బయటపడితే అడ్డంకి అవుతుంది, సాధారణంగా ఏడాదిపాటు మానినట్టు చూపాల్సి వస్తుంది. చికిత్స మానుకోవడం దీనికి పరిష్కారం కాదు. ఇమిగ్రేషన్ వకీలును, డాక్టరును ఇద్దరినీ కలవమనండి. దాచిపెట్టి వాడుతూ అరెస్టయితే వచ్చే ఇబ్బంది అంతకన్నా పెద్దది.

పెళ్లి చేస్తే మారతాడని బంధువులు అంటున్నారు.

చేయకండి. ఇంకో ఇంటి ఆడపిల్లను చికిత్సగా వాడుకునే హక్కు ఎవరికీ లేదు.

తెలియకుండా అన్నంలో మందు కలిపి పెట్టవచ్చా?

వద్దు. మెత్ మాన్పించే మందే లేనప్పుడు ఆ పొడుల్లో ఏముందో ఆలోచించండి. మద్యం మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ తెలియక తిన్న మనిషి తాగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఆడవాళ్లకు వేరే చిక్కులున్నాయా?

ఉన్నాయి. వారికి విడిగా వార్డులున్న కేంద్రాలు తక్కువ, ఇంట్లో దాచిపెట్టడం ఎక్కువ. గర్భిణి వాడితే నెలలు నిండకుండా కాన్పు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం లాంటి ప్రమాదాలుంటాయి. పాలిచ్చే తల్లి వాడితే డ్రగ్ పాలలోకి వెళ్తుంది. ప్రసూతి డాక్టరుకు చెప్పాలి.

ఎప్పుడు 108కి ఫోను చేయాలి?

ఛాతీ నొప్పి, ఒళ్లు కాలిపోవడం, మూర్ఛ, మూతి వంకరపోవడం, మాట పడిపోవడం, పట్టలేనంత ఉద్రేకం, స్పృహ తప్పడం. శరీర వేడి అదుపు తప్పడం ఈ డ్రగ్ చంపే మార్గాల్లో ముఖ్యమైనది; మన మే నెల ఎండలో మరీ. నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, తడిబట్టతో తుడుస్తూ విసరండి. బోర్లా పడేసి పైన కూర్చోకండి. హెరాయిన్ మోతాదు మించితే వాడే నాలొక్సోన్ లాంటి విరుగుడు దీనికి లేదు. ఆత్మహత్య ఆలోచనలైతే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 పగలూ రాత్రీ పలుకుతుంది.

మొదటిసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

వాడుతున్న మాత్రలన్నీ, ఖాళీ అట్టలతో సహా. పాత ప్రిస్క్రిప్షన్లు. ఆఖరిసారి ఎప్పుడు వాడాడో, ఎంతకాలంగా, రోజూనా వారానికోసారా, పీలుస్తాడా ఎక్కించుకుంటాడా అన్న వివరాలు ఒక కాగితం మీద. కుటుంబంలో ఎవరికైనా మానసిక జబ్బు ఉంటే ఆ సంగతి. ఇద్దరికంటే ఎక్కువమంది వెళ్లకండి, మేనమామలు, పెదనాన్నలు ఇంట్లోనే ఉండవచ్చు. లోపలికి వెళ్లాక డాక్టరు అడిగిన మొదటి ప్రశ్నకు మీరు జవాబు చెప్పకండి, అతన్ని చెప్పనివ్వండి. మీరు చెప్పాల్సింది విడిగా చెప్పడానికి డాక్టరును అయిదు నిమిషాలు అడగండి.